చేతికిచ్చిన కత్తి

కత్తి గోనెపట్టా మీద పడగానే బుగ్గయ్య గుర్తుపట్టాడు. అంతకుముందు దాన్ని కంటితో చూసింది లేదు. బర్రెకొమ్ము పిడి, పిడి మీద బొటనవేలి గోరంత ఇత్తడి చేప, చేప కన్ను ఊడిపోయిన చోట నల్లటి గుంట. అన్నీ తన పెండ్లాం కురుమమ్మ చెప్పినట్టే ఉన్నాయి.

“సాన జాగ్రత్తగా పట్టవయ్యా. మా నాన్నగారి కత్తి. నా వయసుంటుంది దానికి,” అన్నాడు ఎదురుగా నిలబడ్డ మనిషి.

బుగ్గయ్య వెంటనే తల ఎత్తలేదు. ముందు తోలు చెప్పులు చూశాడు. తర్వాత ఇస్త్రీ పంచె, చంకలో అట్ట వేసిన నోటుబుక్కు. ఆ తర్వాతే మొహం. నున్నగా గీసిన గడ్డం, నుదుట సన్నటి గీత బొట్టు. మాట్లాడుతున్నది బుగ్గయ్యతోనే అయినా, చూపు మాత్రం అతని తల మీదుగా గోడకు అంటించిన గ్రూప్-టూ కోచింగ్ పోస్టర్ల మీద ఉంది. మూడో అంతస్తు సూర్యనారాయణమూర్తి. ఈ మనిషి కోసం, ఈ కత్తి కోసం బుగ్గయ్య పదహారు మంగళవారాలు అశోక్‌నగర్‌లోని ఈ సందులో, ఈ అపార్ట్‌మెంటు గేటు ముందే సైకిల్ స్టాండు వేశాడు.

“ఎవరి చేతా ముట్టనివ్వను దీన్ని. రేపటి నుంచి మామిడికాయలొస్తాయి. పదును సరిగా లేకపోతే తొక్క ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. తెలిసిందా?”

“తెలిసింది సార్.”

“ఎంతసేపు పడుతుంది?”

“మీరు లైబ్రరీకి వొయ్యి రాండ్రి. అయితది.”

“నేను లైబ్రరీకి వెళ్తానని నీకెవరు చెప్పారు?”

బుగ్గయ్య చెయ్యి కత్తి మీద ఆగింది. “చంకల బుక్కున్నది గద సార్,” అన్నాడు.

మూర్తి నోటుబుక్కును ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

బుగ్గయ్య వంగి పట్టా మీది కత్తిని తీసుకున్నాడు. కత్తిని ఎవరూ అతని చేతికివ్వరు. అతడూ ఎవరి చేతికీ ఇవ్వడు. చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పగ పుడుతుందని నమ్మకం. చిక్కడపల్లి మటన్ కొట్టువాడైనా, అశోక్‌నగర్ కోస్తా వాళ్ళయినా, హాస్టళ్ళలో ఉల్లిగడ్డలు కోసే వంటవాళ్ళయినా పట్టా మీదే పెడతారు, పట్టా మీంచే తీసుకుంటారు. నలభై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

కత్తి తెరిచాడు. టక్ అంది.

గేటు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ ముత్యాలు నవ్వాడు. “సారు ఆ కత్తి నీకిచ్చిండంటే నీ నసీబు మంచిగున్నది తాతా. నేనొకసారి కొబ్బరికాయ పీచు తీసిస్త ఇయ్యండి సార్ అంటే, ‘ఉద్యోగం చెయ్యాలని లేదా?’ అన్నడు.”

“ఏమన్నవు మరి?”

“ఏమంట? పండ్లతోని పీకిన పీచు.”

బుగ్గయ్య సైకిల్ సీటెక్కి పెడలు తొక్కాడు. హ్యాండిల్ ముందు బిగించిన సానరాయి తిరగడం మొదలుపెట్టింది. దాని పైన వేలాడే డబ్బా అడుగున మేకు బొక్కలోంచి నీటి చుక్కలు రాయి మీద పడుతున్నాయి. రాయిపొడి, ఇనుప రజను, నీళ్ళు కలిసి కింది రేకులోకి నల్లటి మట్టిగా దిగుతున్నాయి. కత్తి అలుగును రాయికి ఆనించాడు. తొందరపడలేదు. మొదలు నుంచి మొన దాకా ఒకే ఒత్తిడి. తిప్పి మళ్ళీ మొదలు నుంచి. పాత ఉక్కు. ఈ రోజుల్లో ఇలాంటిది రాదు. రాయి అయ్యాక నూనెపలక మీద రుద్దాడు. దాని తర్వాత తోలు పట్టీ. ముంజేతి మీద పెట్టి ఒక్క గీత గీస్తే తెల్ల వెంట్రుకలు రాలాయి. తన పెళ్ళికి గడ్డం గీసిన కత్తికి కూడా అంత పదును లేదు.

పదును అంతగా ఎందుకు పెట్టాడో బుగ్గయ్యకు తెలుసు. మొద్దు కత్తి వేలి మీద మూసుకుంటే గీరుకుంటుంది, అంతే.

మడత కత్తి గుట్టంతా పిడి లోపల ఉంటుంది. పిడి వెనక ఉక్కుపట్టీ ఒకటి స్ప్రింగులా నొక్కి ఉంచుతుంది. అలుగు తెరిస్తే, దాని మొదట్లో చదునుగా ఉన్న చోట ఆ పట్టీ వచ్చి కూర్చుంటుంది. అప్పుడే టక్ మంటుంది. ఆ చదును అంచు కాస్త గుండ్రమైతే చప్పుడు మునుపటిలాగే వస్తుంది. తొక్క తీసినంతసేపూ ఏమీ కాదు. మొనతో దేన్నైనా పొడిచి ముందుకు తోస్తే మాత్రం అలుగు ఒక్కసారిగా వెనక్కి మడతపడి, పిడిని పట్టుకున్న వేళ్ళ మీదకు వస్తుంది.

బుగ్గయ్య సైకిల్ దిగి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సంచిలోంచి వేలంత ఆకురాయి తీశాడు. అది పిడి సందులోకి సరిగ్గా దూరింది. ఆ చదును అంచును పదిసార్లు రాకాడు. తెరిచి మూసి చూశాడు. ఇంకో ఆరుసార్లు రాకాడు. ఆ సందులోంచి రాలిన ఉక్కు రజనును నోటితో ఊదాడు. అలుగు తెరిచి మొనను గోనెపట్టాకు గుచ్చి తోశాడు. అలుగు కప్ప దూకినట్టు మడతపడింది. వేళ్ళు ముందే తీసేసుకున్నాడు కాబట్టి గాలిని కోసింది.

మూర్తి వచ్చేసరికి కత్తి మూసి పట్టా మధ్యలో ఉంది. తీసుకుని తెరిచాడు. టక్. నోటుబుక్కులోంచి కాగితం అంచు కోసి చూశాడు. కాగితం చప్పుడు చేయలేదు.

“పరవాలేదు. పనొచ్చు నీకు,” అన్నాడు.

“నలభై ఏండ్ల పని సార్.”

మూర్తి గేటు లోపలికి వెళ్ళాడు. బుగ్గయ్య మూడో అంతస్తు బాల్కనీని చూశాడు. అక్కడ ఒక పేముకుర్చీ ఉంది. జనవరిలో ఆ కుర్చీ ముందే, పేపరు మీద, జామకాయ తొక్కల కింద, ఈ కత్తి నోరు తెరుచుకుని పడి ఉంది. తొక్కలు ఎత్తడానికి కురుమమ్మ పేపరును రెండు చేతులా చుట్టబోయింది.

*

బుధవారం బుగ్గయ్య చిక్కడపల్లి మార్కెట్‌లో తిరిగాడు. హనుమప్ప మటన్ కొట్టు ముందు ఆగాడు. హనుమప్పది బీదర్ వైపు. పొట్ట మీద బనియను నిలవదు, నోరు ఊరుకోదు.

“ఏంది బుగ్గన్నా, ఇయ్యాల మొకం మీద ఎండ గొడుతున్నది? పిల్లను చూస్కున్నవా ఏంది?”

“నీ బిడ్డనిస్తవా?”

“ఇస్త. పోషిస్తవా? పొద్దుకు కిలో మటన్ దింటది.”

బుగ్గయ్య నవ్వాడు. కురుమమ్మ పోయాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు అతనికే కొత్తగా ఉంది. పెడలు తొక్కుతున్నాడు గానీ మనసు రాయి మీద లేదు. ఈపాటికి కాయలు వచ్చి ఉంటాయి. ఈపాటికి మూర్తి పేముకుర్చీలో కూర్చుని ఉంటాడు. కుడిచేయి చూపుడువేలు, మధ్యవేలు. తెగితే లోపలి నరం దాకా తెగాలి. నోటుబుక్కులో రాసుకునే వేళ్ళవి. అరిస్తే పెండ్లాం పసుపు డబ్బా పట్టుకుని రావాలి. ‘పరవాలేదు, చిన్నదే, ఆ రెండు బకెట్లు జాడించి వెళ్ళు’ అని అతనికి ఎవరైనా చెప్పాలి.

ఖైమా కత్తి రాయి మీద జారింది. బుగ్గయ్య బొటనవేలి పక్కన ఎర్రగా గీత లేచింది.

“అరెరె,” అన్నాడు హనుమప్ప.

“ఏం గాదు.”

బుగ్గయ్య ఎడమచేత్తో రేకులోని నల్లమట్టి ఇంత తీసి గాయం మీద మెత్తాడు. రక్తం మట్టిలోనే ఆగిపోయింది. తాత అలాగే మెత్తాడు, నాయన అలాగే మెత్తాడు. సానమట్టి పెడితే తెగిన చర్మం ఉక్కులా అతుక్కుంటుందని వాళ్ళ ఇంటి మాట. హనుమప్ప కొట్టులో కుర్రాళ్ళకు వేలు తెగినా బుగ్గయ్య బండి కోసమే చూస్తారు. దవాఖానకు ఎవరూ పోరు.

మధ్యాహ్నం చెట్టు నీడలో సద్ది విప్పాడు. ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. తొమ్మిదో రోజున కురుమమ్మ దవడలు బిగుసుకుపోయాయి. గ్లాసుతో నీళ్ళు పోస్తే పెదవుల మీంచి మెడలోకి జారాయి. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ ఆమె అరచేతిని తిప్పి చూసి అడిగింది: “సూది ఏయించిన్రా? దీనికేం పూసిన్రు?”

“పసుపు,” అన్నాడు బుగ్గయ్య.

సద్ది మూట మళ్ళీ కట్టేశాడు.

*

గురువారం అతడు నారాయణగూడ వైపు పోవాలి. అంబర్‌పేట్ గదిలోంచి బయల్దేరినప్పుడు అటే అనుకున్నాడు. విద్యానగర్ దాటాక సైకిల్ తనంతట తానే అశోక్‌నగర్ వైపు తిరిగింది.

“మంగళవారపోనివి గురువారం వచ్చినవేంది?” అన్నాడు ముత్యాలు. “మా అపార్ట్‌మెంటు మీద మనసు వడ్డదా?”

“బ్యారం లేదు ఆడ. పైన సారు మంచిగున్నడా?”

“నీ కత్తి గురించా? నిన్నటిసంది నూరు కాయలు మోసిన్రు పైకి. ఆవకాయ. మెట్ల మీద కారం ఘాటుకు నాకు తుమ్ములు ఆగుతలేవు. సారుకేంది, గీ టైముకు లైబ్రరీల కూసుంటడు.”

అప్పుడే మెట్ల మీంచి ఒక ఆడమనిషి దిగింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఎడమచేత్తో ఏదో పట్టుకుంది. కుడిచేతిని కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుంది. కొంగు ఆకుపచ్చది. ఒకచోట నల్లబడి తడిగా ఉంది. మనిషి నిండా ఆవపిండి వాసన.

“సాన పెట్టేటాయన నువ్వేనా అన్నా? నేను మూడో అంతస్తుల పని జేస్త. కమలవ్వ నా పేరు.” ఎడమచేతిలోది వంగి పట్టా మీద పెట్టింది. ఇత్తడి చేప. కన్ను లేదు. “దీని స్ప్రింగు లూజైందంట. సారు వచ్చెలోపల సక్క జేపించుకరమ్మన్నది అమ్మ.”

బుగ్గయ్య కత్తిని ముట్టుకోలేదు. “చెయ్యికేమైంది చెల్లె?”

“ఇదే తెంపింది. కాయలు కొట్టేటాయన కొట్టి పోయిండు. ముక్క ముక్కకు జీడి తియ్యాలె, టెంకకున్న పొర తియ్యాలె. నా గోళ్ళతోని అయితలేదు. సారు లేడు గద అని అమ్మ ఈ కత్తి దెచ్చి, దీని మొనతోని తొందరగ తియ్యి, ఆయనకు తెల్వనియ్యకు అన్నది. పదికాయల దాక మంచిగనే వచ్చింది. గట్టి జీడి ఒకటి తలిగింది. మొన వెట్టి తోసిన. అంతే.”

కొంగు విప్పింది. చూపుడువేలు, మధ్యవేలు. లోపలివైపు, రెండో కణుపు మీద అడ్డంగా ఒకటే గీత. చూపుడువేలి మీద లోతుగా తెరుచుకుని ఉంది. అంచుల్లో ఉప్పు, కారం ఎర్రటి రవ్వలుగా అంటుకుని ఉన్నాయి. కొలిచి గీసినట్టు తిన్నగా పడ్డ ఆ గీత బుగ్గయ్య అనుకున్న చోటే ఉంది.

“కారం చేతులతోనే ఉన్నవా?”

“కడిగిన. మండి సచ్చిన. పసుపు వెట్టింది అమ్మ. ఇంకా అరవై కాయల ముక్కలున్నయి, ఎండకముందే అయిపోవాలె, కత్తి జేపించుకొని జల్ది రా అన్నది.” కమలవ్వ కింద కూర్చుంది. పెదవుల మీద చెమట ఉంది. “రక్తం ఆగుతలేదన్నా. నీ సానమట్టి వెడితే పొద్దుగూకేవరకు అతుకుతదంట గద. జర వెట్టు.”

బుగ్గయ్య ఎడమచేయి దానంతట అదే రేకులోకి పోయింది. రెండు వేళ్ళతో నల్లమట్టి తీసింది. కమలవ్వ తన చేతిని చాచింది.

జనవరిలో ఇలాగే చాచింది కురుమమ్మ. అంబర్‌పేట్ గది ముందు, నల్లా దగ్గర. అరచెయ్యి మధ్యలో మూర్తి ఇంటి పసుపు ఆరి పెచ్చులు కట్టి ఉంది. ‘సూది ఏయించుకుంట, పొద్దుగాల దవాఖానకు పోదాం,’ అంది. ‘సూదెందుకే, మనింట్లనే మందున్నది. నేను నలభై ఏండ్లసంది కోసుకుంట లేనా?’ అన్నాడు బుగ్గయ్య. పసుపు కడిగేశాడు. రేకులోని మట్టి తీసి గాయం నిండా కూరాడు. బాగా అంటాలని బొటనవేలితో అదిమాడు. ఆమె పళ్ళ బిగువున ఊపిరి పీల్చింది. తొమ్మిది రోజులు రోజూ కొత్త మట్టి పెట్టాడు.

“పెట్టు అన్నా,” అంది కమలవ్వ.

బుగ్గయ్య వేళ్ళ మీది మట్టిని చూశాడు. దాన్ని విదిలించాడు. సరిగా పోలేదు. పంచెకు తుడుచుకున్నాడు. అప్పటికీ గోళ్ళ సందుల్లో నల్లగా ఉండిపోయింది. లేచి, రాయి పైన వేలాడే డబ్బా విప్పి, అందులోని మంచినీళ్ళు మొత్తం ఆమె వేళ్ళ మీద పోశాడు.

“లే. దవాఖానకు వోదాం.”

“దవాఖానా? అమ్మ తిడతది అన్నా. జల్ది రమ్మన్నది.”

“తిట్టనియ్యి. లే.”

ముత్యాలు కుర్చీలోంచి లేచాడు. “బండి ఈడ వెట్టి పోతవా తాతా? ఎవడన్న ఎత్కపోతే నన్ననొద్దు.”

“ఎత్కపోనియ్యి,” అన్నాడు బుగ్గయ్య. కానీ కత్తిని మాత్రం పట్టా మీంచి తీసి జేబులో వేసుకున్నాడు. రేకును సైకిల్ నుంచి ఊడదీసి, మట్టినంతా మోరీ కాలవలో గుమ్మరించాడు.

*

నారాయణగూడ పోయే దారిలో సర్కారు దవాఖాన ఉంది. సిస్టరమ్మ గాయాన్ని మందునీళ్ళతో కడిగింది. కమలవ్వ కళ్ళు మూసుకుని ‘ఓ అవ్వా’ అంటూ బల్ల అంచు పట్టుకుంది.

“దీనికేం పూసిన్రు?” అంది సిస్టరమ్మ.

బుగ్గయ్య మట్టి అంటిన వేళ్ళను పంచె మడతలో దాచుకున్నాడు.

“పసుపు వెట్టిన్రు. మట్టి వెట్టు అంటే ఈ అన్న వెట్టలే,” అంది కమలవ్వ.

“మంచి పని చేసిండు. మట్టి గిట్ల వెడితే ధనుర్వాతం వస్తది. దవడలు వడిపోతయి. ఆ రోగం వస్తే మనిషి దక్కుడు కష్టం.” సిస్టరమ్మ అయిదు కుట్లు వేసింది. భుజానికి సూది వేసింది. “పది దినాలు నీళ్ళల్ల చెయ్యి వెట్టకు.”

“నాలుగిండ్ల పని అమ్మా నాది. పది దినాలు ఎట్ల?”

“చెయ్యి కావాల్నా, ఇండ్లు కావాల్నా?”

బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. కమలవ్వ కట్టు కట్టిన చేతిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది. “దేవుని లెక్క వచ్చినవన్నా,” అంది.

బుగ్గయ్య ఆ మాటను భరించలేకపోయాడు. జేబులోంచి కత్తి తీసి ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టాడు.

“స్ప్రింగు లూజు గాలే చెల్లె. నేనే రాకిన. తోస్తే మూసుకోవాల్నని రాకిన. నీకని గాదు. మూర్తి సారు వేళ్ళు తెగాల్నని. నీకంటె ముందు ఆ ఇంట్ల పని జేసింది నా పెండ్లాం. కురుమమ్మ. ఈ కత్తే ఆమెను కోసింది. సచ్చిపోయింది.”

కమలవ్వ కత్తిని చూసింది. తర్వాత కట్టును చూసింది. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది.

“నా వేళ్ళు నిన్నేం జేసినయి?” అంది.

బుగ్గయ్య బెంచీ మీది కత్తిని తన వైపు జరుపుకున్నాడు.

“ఏం జేసినయి అని అడుగుతున్న. నీ పెండ్లాం గుడ నా లెక్క అంట్లు తోమినామెనే గద. ఆ ఇంట్ల ఏది తెగినా ఎవరికి తెగుతదో నీకు తెల్వదా? ఆమె నీకు చెప్పలేదా?”

“సారు ఎవ్వరిని ముట్టనియ్యడు అన్నది.”

“ముట్టనియ్యడు. ఎత్తిపెట్టేది మేము. కడిగేది మేము. సారు లేనప్పుడు పని తియ్యాలంటే అదే ఇస్తరు.” ఆమె లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. “సూది ఏపిచ్చినవని మాఫీ జేస్త అనుకోకు.”

“అనుకోలే. ఒక్క మాట చెల్లె. కత్తి బాగు జేసిస్త. తీస్కపో.”

“నేను మొయ్య నీ కత్తి. నువ్వు ఎవరి వేళ్ళకని రాకినవో వాళ్ళ చేతులనే వెట్టు.”

ఒంటి చేత్తో కొంగు సరిచేసుకుని నడిచిపోయింది. బుగ్గయ్య ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నాడు. చూడలేదు.

*

శుక్రవారం పొద్దున్నే బుగ్గయ్య గేటు ముందు స్టాండు వేశాడు. గోనెపట్టా పరవలేదు. గుండ్రంగా రాకిన అంచును రాత్రే ఆకురాయితో మళ్ళీ చదును చేశాడు. అరిగినంత మేర ఉక్కుపట్టీని వేడిచేసి కిందికి వంచాడు. రివెట్టు మీద చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మొనను టేకు చెక్కకు గుచ్చి ఒంటి బరువంతా వేసి తోశాడు. కత్తి కదల్లేదు. అతని చేతిలో బాగుపడ్డ కత్తుల్లో అంత గట్టిగా కూర్చున్నది మరొకటి లేదు.

మూర్తి విసవిసా వచ్చాడు. ఈసారి చంకలో నోటుబుక్కు లేదు.

“ఏమయ్యా, నా కత్తి నీ దగ్గరుందిట? నిన్న ఆ పనిమనిషి ఇంటికి రాకుండానే పోయింది. మా ఆవిడ ఒక్కతే ముక్కలతో చచ్చింది. ఏదీ కత్తి?”

బుగ్గయ్య కత్తి మూసి, పిడివైపు ముందుకు పెట్టి, చెయ్యి చాచాడు.

మూర్తి చెయ్యి సగం లేచి ఆగింది. “కింద పెట్టవయ్యా. కత్తి చేతికివ్వకూడదని తెలీదూ?”

“తెలుసు సార్. తెలిసే ఇస్తున్న.”

ముత్యాలు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“నా పేరు బుగ్గయ్య. కురుమమ్మ మొగుణ్ణి. జనవరిల మీ బాల్కనీల జామకాయ తొక్కల కింద ఈ కత్తి తెరిచి పెట్టి లోపలికి పోయిన్రు మీరు. ఆమె చెయ్యి తెగింది. రెండు బకెట్ల బట్టలు జాడించి పొమ్మన్నది అమ్మ. సబ్బునీళ్ళల్ల తెగిన చెయ్యి.”

“ఆ మనిషికి… జ్వరమొచ్చిందని చెప్పాడు వాచ్‌మన్,” అన్నాడు మూర్తి. అప్పటికి గానీ అతని చూపు పోస్టర్ల మీంచి దిగి బుగ్గయ్య మొహం మీదికి రాలేదు. “మేం పసుపు పెట్టాం కదయ్యా.”

“పెట్టిన్రు. దాన్ని కడిగి నేను సానమట్టి పెట్టిన. సూదికి పోదామంటె వద్దన్న. మీరు కోసిన్రు, నేను చంపిన. డాక్టరమ్మ అడిగితె పసుపు అని అబద్ధం చెప్పిన. నా లెక్క నేను చూసుకుంట. మీది మీకు చెప్తున్న.”

“ఇప్పుడివన్నీ ఎందుకు? కత్తి ఇచ్చెయ్.”

“ఇస్తున్న గద. ఇంకొక్క మాట. మంగళవారం ఈ కత్తి లోపలి అంచు నేనే రాకిన. మొన వెట్టి తోస్తే వేళ్ళ మీద మూసుకునేటట్టు. మీ వేళ్ళ కోసం రాకిన. కమలవ్వ వేళ్ళు తెగినయి. అయిదు కుట్లు. పది దినాలు చెయ్యి నీళ్ళల్ల వెట్టొద్దన్నరు. అందాక మీ అంట్లు మీరే తోముకోండ్రి. మీ ఇంటి పని మాత్రం ఆమెకే ఉండాలె.”

మూర్తి మొహంలో రంగు మారింది. “పోలీసులకి చెప్తాను. నిన్ను లోపల వేయిస్తాను.”

“చెప్పండ్రి. కురుమమ్మ కాంచి మొదలువెట్టి చెప్పండ్రి. నేను ఈడనే కూసుంట.”

మూర్తి ముత్యాలు వైపు చూశాడు. ముత్యాలు గేటు గొళ్ళేన్ని చూస్తున్నాడు. ఎదురు హాస్టల్ మెట్ల మీద బ్రష్‌లు నోట్లో పెట్టుకుని నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు తోమడం ఆపారు.

బుగ్గయ్య చెయ్యి చాచే ఉంది. అది దించే ఉద్దేశం అతనికి లేదు. పదహారు వారాలు ఆగినవాడు ఇంకో పూట ఆగగలడు.

“బాగైందా అది?” అన్నాడు మూర్తి చివరికి. గొంతు తగ్గింది.

“బాగు జేసిన.”

“నిజంగా?”

“నేను జేసిన అంటున్న. నమ్ముడు, నమ్మకపోవుడు మీది.”

అది వాళ్ళ నాన్న కత్తి. పారేయడానికి లేదు. వదిలి పోవడానికి లేదు. మూర్తి రెండు వేళ్ళు చాచి పిడి కొస పట్టుకున్నాడు. బుగ్గయ్య వెంటనే వదల్లేదు. ఇత్తడి చేప మీద ఇద్దరి వేళ్ళూ ఒక్క క్షణం తగిలాయి. మూర్తి వేళ్ళు చల్లగా, తడిగా ఉన్నాయి. అప్పుడు వదిలాడు.

మూర్తి దాన్ని జేబులో వేసుకోలేదు. ఒంటికి దూరంగా, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని మోసినట్టు పట్టుకుని గేటు లోపలికి నడిచాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మెల్లగా, ఆగి ఆగి పైకి పోయింది.

బుగ్గయ్య రేకును సైకిల్‌కు బిగించాడు. రాత్రి తోమి కడిగాడు దాన్ని. అడుగు తెల్లగా ఉంది. డబ్బాలో నీళ్ళు పోశాడు.

మూడో అంతస్తు బాల్కనీలో పేముకుర్చీ కిర్రుమంది. తర్వాత టక్ అంది. ఒక కాయ చెక్కేంత సేపయినా కాలేదు, కత్తి మూసిన చప్పుడు వినిపించింది. మళ్ళీ టక్. మళ్ళీ మూయడం. దేన్నీ కోయడం లేదు. తెరిచి చూసుకుంటున్నాడు. మూసి వేళ్ళు చూసుకుంటున్నాడు.

బుగ్గయ్య సీటెక్కి పెడలు మీద కాలు పెట్టాడు. సానరాయి తిరగలేదు. పై నుంచి మళ్ళీ ఆ చప్పుడు వచ్చేదాకా ఆగాడు.